పాట మధ్యలో ఖాళీ

ముందు కూత వినిపిస్తుంది.

అది ఎక్కదు, దిగదు, ఊపిరి తీసుకోదు. సన్నటి తీగ ఒకదాన్ని ఈ చెవిలోంచి ఆ చెవిలోకి లాగి బిగించి కట్టినట్టు ఉంటుంది. మెట్లు ఎక్కుతుండగా మొదలై, నడవా పొడవునా మనతోపాటే నడిచి, మందపాటి తలుపు తియ్యగానే గదంతా తానే అయిపోతుంది. ఇంకా పుట్టని టీవీ చానెల్ చేసే చప్పుడు అది. ప్రసారాలు మొదలయ్యేదాకా తెరమీద రంగుల పట్టీలు నిలబడి ఉంటాయి, వాటి వెనకాల ఈ కూత. దారి తెరిచే ఉంది, ఎక్కడా తెగలేదు అని అవతలి చివరివాళ్ళకి చెప్పడానికి.

ఆ కూత నడిమధ్యలో, తలుపుకి వీపు పెట్టి, ఒకావిడ బిస్కెట్టు టీలో ముంచుకుని తింటోంది. మిగతావాళ్ళు ఆ గదిలోకి వస్తే చెవుల్లో వేళ్ళు పెట్టుకుంటారు. ఆవిడకి అది జోలపాట. కూత వస్తోందంటే లోకం సవ్యంగా ఉన్నట్టే. పాపిట పక్కన నెరిసిన పాయ ఒకటి, మెడలో వేలాడే కళ్ళజోడు, ఏసీ గది కాబట్టి ఎండాకాలమైనా ఒంటిమీద అదే గోధుమరంగు స్వెట్టరు. పేరు లేకపోలేదు. ఆఫీసులో మాత్రం చిన్నా పెద్దా అందరికీ స్విచ్చక్క.

ఆ సాయంత్రం కూత ఆగిపోవాలి. దాని చోట రాక్ సంగీతం మొదలవ్వాలి. పొద్దస్తమానం గిటార్లూ డ్రమ్ములూ తప్ప ఇంకోటి వెయ్యని కొత్త చానెల్ అది. అందులో వెళ్ళే మొట్టమొదటి పాట స్విచ్చక్క తమ్ముడిది.

ఆవిడ పని చెప్పుకోడానికి చిన్నది. చానెల్ నుంచి బయటికి వెళ్ళే ప్రతి బొమ్మా, ప్రతి చప్పుడూ ఆవిడ చేతికింద వరసగా ఉన్న బటన్ల మీదుగానే వెళ్తాయి. ఏది ఎప్పుడు వెళ్ళాలో అప్పుడు వదలాలి. తెర నల్లబడి చప్పుడు ఆగిపోతే, చివరనున్న ఎర్ర బటన్ నొక్కాలి. 'అంతరాయానికి చింతిస్తున్నాం' అన్న కార్డూ, దాని వెనక మెత్తటి వాద్యమూ వస్తాయి. అంతే. ఆ అంతేలోనే ఆవిడ సగం జీవితం వెళ్ళిపోయింది.

ఉద్యోగం కొత్తల్లో, ఒక వార్తల చానెల్లో, ఈ పని నేర్పిన పెద్దాయనకి కోపం ముక్కుమీదే ఉండేది. ఎవరూ టీవీ చూడని వేళ పక్కన కూర్చుని కబుర్లు చెబుతూ చెబుతూ, ఆవిడ నవ్వుతుండగా, బల్లకింద చెయ్యి పెట్టి తీగ పీకేసేవాడు. నిజం ప్రసారంలోనే.

"తెర చచ్చిపోయింది, శవాన్ని చూస్తావేంటమ్మా? తల ఆలోచించేలోపు చెయ్యి పని ముగించెయ్యాలి!"

"ఖాళీ బల్లమీద నేర్పొచ్చు కదండీ" అందోసారి ఏడుపుగొంతుతో.

"ఉత్తుత్తి బల్లమీద నేర్చుకుంటే ఉత్తుత్తి చెయ్యే తయారవుతుంది" అన్నాడు ఆయన.

కొన్ని నెలలకి చెయ్యి తలని అడగడం మానేసింది. నిశ్శబ్దం చెవిలో పడీ పడకముందే కుడిచెయ్యి వెళ్ళి ఎర్ర బటన్ మీద వాలేది. ఒకసారి వార్తలు చదివే ఆయన చదువుతూ చదువుతూ కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోతే, అందరికన్నా ముందు కదిలింది ఆ చెయ్యే. ఆయన పడిపోవడం జనం చూడలేదు. "నీ చేతికి వేరే జీతం ఇవ్వాలి" అని మెచ్చుకున్నారు. ఇవ్వలేదనుకోండి.

ఆ చెయ్యి ఆవిడతోపాటు ఇంటికీ వచ్చేది. ఫ్రిజ్ మోత ఆగితే నిద్రలో ఉలిక్కిపడి దుప్పటిని పొడిచేది. సినిమాహాల్లో తెర ఒక్క క్షణం చీకటైతే ముందు సీటు వీపుని పొడిచేది. చనిపోయిన ఉద్యోగి ఒకాయన కోసం ఆఫీసంతా లేచి మౌనంగా నిలబడితే, పక్కనున్న ఇంజనీరు భుజం నొక్కేసింది. "నేనింకా బతికే ఉన్నానక్కా" అన్నాడు అతను, వంచిన తల ఎత్తకుండానే. అందరూ నవ్వాపుకోలేక చచ్చారు. ఆవిడా నవ్వింది. అప్పట్లో అది నవ్వుకునే సంగతే.

తమ్ముడు ఆవిడకన్నా చాలా చిన్న. వాడు పాకుతుండగానే అమ్మ పోయింది. నాన్న లారీ ఎక్కి వెళ్తే మళ్ళీ ఎప్పుడొస్తాడో ఆ లారీకే తెలియాలి. వాడికి అన్నం పెట్టినా, తల దువ్వినా, వీపుమీద రెండు వడ్డించినా అక్కే. ఉద్యోగంలో చేరాక ఆవిడకి రాత్రుళ్ళు డ్యూటీ, పగలు నిద్ర. వాడికి సెలవుల్లో పగలంతా డ్రమ్ములు. డ్రమ్ములంటే ఖాళీ పాలపొడి డబ్బాలు, బోర్లించిన బకెట్టు, రెండు గరిటెలు. అందుకే వీధంతా వాణ్ణి డబ్బా అనేది. పెద్దయ్యాక కూడా ఆ పేరు ఊడలేదు.

"ఆపరా!" అని లోపల్నుంచి అక్క కేక పడేది.

ఆపేవాడు. గరిటెలు గాలిలో అలాగే ఎత్తిపట్టుకుని, ఊపిరి బిగబట్టి, చెవులు అక్క గదివైపు పెట్టి ఉండేవాడు. లోపల మంచం కిర్రుమంటుంది. అక్క అటు తిరిగి పడుకుంటుంది. గోడమీద వెలుగు కూడా కదలదు. అప్పుడు, గోటితో తట్టినంత మెల్లగా, ఒక్క దెబ్బ.

టక్.

అక్క నిద్రపోయి ఉండేది కాదు. కళ్ళు మూసుకుని ఆ దెబ్బ కోసమే ఎదురుచూసేది. అది పడ్డాకే ఒళ్ళు వదులై నిద్ర పట్టేది. ఈ సంగతి వాడికి ఎప్పుడూ చెప్పలేదు. చెబితే ఇంక నెత్తికెక్కి వాయిస్తాడని.

వాడు పెద్దయ్యాడు. పగలు కార్లకి రంగు కొట్టే షెడ్డులో పని, సాయంత్రాలు నలుగురు స్నేహితులతో రాక్ బ్యాండ్. "మీ పాట వింటే మిక్సీకి జ్వరం వచ్చినట్టుందిరా" అనేది అక్క. రంగు కొట్టేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోమని చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. "గుడ్డ కడితే రంగు పలచగా పడిందో మందంగా పడిందో ఎలా తెలుస్తుందే? ముక్కే చెప్పాలి" అనేవాడు. ముక్కు చెబుతూ వచ్చింది. ఊపిరితిత్తులు వింటూ వచ్చాయి.

బ్యాండ్ విడిపోయేలోపు సొంతంగా ఒకే ఒక్క పాట రికార్డు చేశారు. గిటార్లు పిడుగుల్లా వెళ్తూ వెళ్తూ పాట నడుమ ఒక్కసారిగా అన్నీ ఆగిపోతాయి. ఏమీ ఉండదు. ఒక మనిషి నిదానంగా గుక్క తీసుకుని, వదిలి, మళ్ళీ తీసుకోవాలా వద్దా అని ఆలోచించేంత సేపు ఏమీ ఉండదు. ఆ తర్వాత డ్రమ్ము అంచుమీద ఒక్క దెబ్బ, మెల్లగా. అప్పుడు మళ్ళీ ఆకాశం విరిగి పడుతుంది.

"అదేంట్రా, మధ్యలో తెగిపోయింది?" అంది అక్క మొదటిసారి విని.

"తెగలేదు. నువ్వు ఆపరా అన్నావు."

"నేనెప్పుడన్నానురా?"

"రోజూ."

ఆవిడ లేచి వెళ్ళి, ఆరిన బట్టల్నే మళ్ళీ తీగమీద సర్దింది.

కొత్త చానెల్ పెట్టినవాడు ఉంగరాల జుట్టు కుర్రాడు. చదువుకునే రోజుల్లో ఒక పాత గోడౌన్లో ఆ బ్యాండు వాయిస్తుంటే విన్నాడట. ఆ పాటతోనే చానెల్ మొదలుపెడతానన్నాడు. డబ్బా ఇంకా కర్ర పట్టగలిగిన రోజుల్లోనే బొమ్మలు కూడా తనే తీయించాడు. ఖాళీ వచ్చినచోట తెర కూడా పూర్తిగా నల్లబడిపోవాలని అతని ఆలోచనే. ఆవిణ్ణి వార్తల చానెల్ నుంచి పిలిపించుకునే దాకా, ఆవిడ డబ్బాకి అక్క అని అతనికి తెలియదు. తెలిశాక ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు.

అప్పటికి తమ్ముడు ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. ముక్కులో గొట్టం, పక్కన బుడగలు వేసే సీసా. డాక్టరు పెదవి విరిచేశాడు. వాడు అడిగింది ఒక్కటే, తన పాట టీవీలో ఒకసారి చూడాలని. వార్డు గోడకి ఎత్తులో ఒక టీవీ ఉంది. ఆ రోజు చానెల్ మార్చడానికి నర్సు ఒప్పుకుంది.

"సెలవు పెట్టి నీ పక్కన కూర్చుని చూస్తానురా" అంది అక్క.

"ఇక్కడ కూర్చుని ఏం చేస్తావు? నా ముక్కులో గొట్టం సర్దుతూ ఉంటావు. వద్దు. పాట నువ్వే వదలాలి."

"ఎవరు వదిలినా అదే పాటరా."

"కాదు. ఇన్నాళ్ళూ ఆపింది నువ్వు. వదిలేది కూడా నువ్వే అవ్వాలి." మాటకీ మాటకీ మధ్య వాడికి చాలా దూరం ఉంటోంది. "ఆ ఖాళీ మాత్రం జాగ్రత్తే అక్కా. అది లేకపోతే మిగిలేది డబ్బాల మోతే."

ఆవిడ జాగ్రత్తపడింది. మనిషి కునుకు తీసినా పట్టుకునే యంత్రం ఒకటి ఉంది. చప్పుడు ఆగితే తనంతట తనే కార్డు వేసేస్తుంది. ఆ ఒక్క పాట అయ్యేదాకా దాని నోరు కట్టెయ్యమని, వార్తల చానెల్ నుంచి తనతోపాటే వచ్చిన ఇంజనీరుని అడిగింది.

"యంత్రాన్ని ఆపుతాను సరే. మరి నిన్నో?" అన్నాడు భుజం తడుముకుంటూ.

"నాకు తెలిసిన పాటేగా. నేనెందుకు నొక్కుతానయ్యా!"

వారమంతా పాట వేసి చూసుకున్నారు. ఖాళీ వచ్చిన ప్రతిసారీ ఆవిడ చెయ్యి ఒళ్ళో పిల్లిలా పడుకుని ఉంది. ప్రసారం బయటికి వెళ్తున్నప్పుడే వెలిగే తలుపుపైన ఎర్రదీపం వెలగలేదు కాబట్టి అలా పడుకుందని ఎవరికీ తోచలేదు. దీపం వెలిగితేనే అది నిజం బల్ల. పెద్దాయన తయారుచేసిన చెయ్యి ఆ దీపం కింద తయారైంది.

ఆ సాయంత్రం బయట వాన. కింద హాల్లో అతిథులు, పూలబొకేలు, ఒకళ్ళ మాట ఒకళ్ళకి వినపడనంత సందడి. పై గదిలో స్విచ్చక్క, ఇంజనీరు ఇద్దరే. కూత ఆగింది. ఎర్రదీపం వెలిగింది. ఆవిడ వేలితో మెత్తగా, నిద్రపోయే పిల్లాడి కన్ను తుడిచినట్టు, మొదటి బటన్ నొక్కింది. పాట వెళ్ళింది.

గిటార్లు మొదలయ్యాయి. ఆవిడ మనసు వార్డులో ఉంది. నర్సు సౌండు పెంచి ఉంటుందా? ఎదురు మంచం ముసలాయన గొణుగుతున్నాడా? వీడు దిండు నిలబెట్టుకున్నాడా? పాట ఒళ్ళు విరుచుకుంటోంది, వస్తోంది, ఇదిగో వచ్చేసింది, ఇప్పుడు అన్నీ ఆగుతాయి అనుకుంటూనే ఉంది. తెలుసు. ప్రతి దెబ్బా తెలుసు.

అన్నీ ఆగాయి. తెర నల్లబడింది.

చెయ్యి వెళ్ళిపోయింది.

ఆవిడ చూస్తూనే ఉంది. తన స్వెట్టరు చెయ్యే, తన వేలే, ఎవరో పరాయివాళ్ళది అన్నట్టు చివరిదాకా వెళ్ళి ఎర్ర బటన్ మీద దిగింది. 'అంతరాయానికి చింతిస్తున్నాం.' మెత్తటి వాద్యం. పక్కనున్న చిన్న తెరలో మాత్రం అసలు పాట చప్పుడు లేకుండా నడుస్తూనే ఉంది. అందులో చీకటి విడిపోయి తమ్ముడి చెయ్యి కనిపించింది. కర్ర దిగింది. ఆ దెబ్బ లోకంలో ఎవరికీ వినిపించలేదు.

"అక్కా!" అని ఇంజనీరు కేకపెట్టేసరికి ఆవిడ మళ్ళీ పాటని వదిలింది. అప్పటికే ఆకాశం విరిగి పడుతోంది.

కింద జనం చప్పట్లు కొట్టారు. అదేదో కొత్త తరహా అనుకున్నారు.

ఉంగరాల జుట్టు పరిగెత్తుకుంటూ పైకి వచ్చాడు. "యంత్రం పట్టేసిందా?" అన్నాడు ఇంజనీరు వైపు చూస్తూ.

"నేనే" అంది స్విచ్చక్క.

అతను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, "పోన్లే అక్కా, బాధపడకు. నిజం చెప్పనా, ఆ ఖాళీ అంటే నాకూ లోపల గుబులే. ఇంట్లో చూసేవాళ్ళు టీవీ పాడైందనుకుని వేరే చానెల్ పెట్టేస్తారు. రేపట్నుంచి ఆ ముక్క కోసేసి అతికించేద్దాం. నీకూ భయం ఉండదు" అన్నాడు.

వద్దు అనాల్సిన చోటు అది. పాట వాడిది, వాణ్ణి ఒక్కమాట అడగండి అనాల్సిన చోటు. ఆవిడ తప్పుచేసిన చేతిని రెండో చేతికింద దాచుకుని, తల ఊపింది.

తడిసిన స్వెట్టరుతోనే వార్డుకి వెళ్ళింది. వాడు మేలుకునే ఉన్నాడు. గోడమీద టీవీ ఆపేసి ఉంది.

"కార్డు బాగుందే" అన్నాడు. "నీలంరంగు. చక్కగా పట్టింది."

"ఒరేయ్..."

"చిన్నప్పుడు ఆపరా అని అరిచి ఆపేదానివి. ఇప్పుడు అరవకుండానే ఆపేస్తున్నావు. ప్రమోషన్ వచ్చినట్టుంది నీకు."

ఆవిడ మంచం కమ్మీమీద తల ఆనించి ఏడ్చింది. వాడు నవ్వబోయి దగ్గాడు. దగ్గు తగ్గాక అక్క జుట్టులోంచి వాన నీళ్ళు వేళ్ళతో పిండుతూ కూర్చున్నాడు.

మర్నాటి నుంచి అతికించిన పాట వచ్చింది. వార్డులో అది మొదటిసారి విన్నప్పుడు వాడు తల ఎత్తి, "ఏదక్కా?" అన్నాడు. ఇంట్లో ఉండాల్సిన మనిషి కనపడకపోతే అడిగినట్టు. ఆవిడ దాచలేదు. కోశారని, తను తల ఊపానని చెప్పింది.

వాడు గోడవైపు తిరిగాడు. సీసాలో బుడగలు చాలాసేపు మాట్లాడుకున్నాయి.

"ఊపిరి తీసుకునే చోటు కూడా లేకుండా కుట్టేశారు కదే" అన్నాడు చివరికి.

అప్పుడు చెప్పింది ఆవిడ, ఇన్నేళ్ళూ చెప్పనిది. తను నిద్రపోయేది కాదని. ఆ ఒక్క దెబ్బ కోసం కళ్ళు మూసుకుని కాచుకునేదాన్నని.

వాడు ఇటు తిరిగాడు. "అబద్ధం. గురక పెట్టేదానివి."

"దొంగ గురకరా అది."

"నేను విన్నానే!"

"నువ్వు వినాలనే పెట్టాను."

వాడి మొహంలో ఎక్కడో ఆ గరిటెల పిల్లాడు లేచి కూర్చున్నాడు. "అయితే ఒక్కసారి టీవీలో మొత్తం వెయ్యవే. ఖాళీతో. నువ్వూ విను, నేనూ వింటాను" అన్నాడు. వేయిస్తానని మాటిచ్చింది.

ఉంగరాల జుట్టు దగ్గరికి వెళ్ళింది. అతను చేతులు నలుపుకున్నాడు. "అక్కా, పాట జనంలోకి వెళ్ళిపోయింది. ఇలాగే పాడుకుంటున్నారు అందరూ. ఇప్పుడు మారిస్తే ఏదో పోయిందనుకుంటారు. ఓ నెల ఆగుదాం."

తమ్ముడు నెల ఆగలేదు. ఒక మామూలు మధ్యాహ్నం, స్విచ్చక్క డ్యూటీలో ఉండగా నర్సు ఫోన్ చేసింది. తెరమీద సబ్బు ప్రకటన నడుస్తోంది. అది పూర్తయ్యేదాకా చూసి, తర్వాత వెళ్ళాల్సిన పాటని వదిలి, అది సరిగ్గా వెళ్తోందని రూఢి చేసుకుని, అప్పుడు లేచింది. చెయ్యి వణకలేదు. ఆ చేతిమీద ఆవిడకి అసహ్యం పుట్టింది అప్పుడే.

చానెల్ నిలదొక్కుకుంది. పాట రోజూ వస్తుంది. ఆవిడే వదులుతుంది. ఆటోలవాళ్ళు పెట్టుకుంటారు, స్కూలుబస్సుల్లో పిల్లలు బల్లలు వాయిస్తూ పాడతారు. అతుకు పడిన చోట సన్నటి తడబాటు ఒకటి ఉంది. గడప తగిలి తూలిన కాలులా ఉంటుంది. ఇంకెవరికీ వినపడదు. ఆవిడకి అది తప్ప పాటలో ఇంకేమీ వినపడదు. ఖాళీతో వెయ్యమని ఆవిడ మళ్ళీ రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగబోతే అతను జాలిగా చూశాడు. ఆ చూపుతో మానేసింది.

అసలు పాట తమ్ముడి పాత ఫోనులో ఉంది. అద్దం పగిలి, సాలెగూడులా ఉంటుంది. ఈ నాలుగు మాటలూ రాసుకోడానికి ఇంటికి వచ్చిన మనిషి కోసం ఆవిడ దాన్ని తీసి, వంటగది బల్లమీద పెట్టింది. ఫ్రిజ్ ప్లగ్గు పీకేసింది. కిటికీ మూసింది. కుర్చీలో కూర్చుని, కుడిచెయ్యిని తొడకింద పెట్టుకుని, దానిమీద తన బరువంతా వేసింది. ఎడమచేత్తో పాట పెట్టింది.

ఫోనులోంచి గిటార్లు రేకు చప్పుడులా వచ్చాయి. ఆవిడ కళ్ళు మూసుకుంది. పాట ఒళ్ళు విరుచుకుంది, వచ్చింది, ఆగింది.

ఏమీ లేదు. కుళాయి అంచున ఒక బొట్టు వేలాడుతోంది. తొడకింద చెయ్యి కొట్టుకుంటున్నట్టు ఆవిడ భుజం అదురుతోంది. వచ్చిన మనిషి పాట అయిపోయిందనుకుని, ఏదో ఓదార్పు మాట చెప్పబోయి నోరు తెరిచాడు.

ఆవిడ కళ్ళు తెరవలేదు.

"ఉండండి" అంది. "ఇంకా అయిపోలేదు."